అందరూ దిగిపోయారా?

సకల లోకాల పోషకుడైన అల్లాహ్‌కు కృతజ్ఞతలు. ఆయన పంపిన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

 

ఈ నెల మీకు ధర్మం చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉంది. కొన్నేళ్ళ క్రితం కర్నూలు నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సులో వస్తున్నాను. జడ్చర్ల దాటిన తర్వాత ఇంజను వైపు నుంచి తెల్లటి పొగ లేచింది. "మంటలు! దిగండి, దిగండి!" అని ఎవరో కేక పెట్టారు. అందరూ ఒక్కసారిగా తలుపు వైపు తోసుకున్నారు. నేనూ నా సంచీ చంకన పెట్టుకుని దిగిపోయాను. రోడ్డు పక్కన నిలబడి, సెల్‌ఫోను, పర్సు ఉన్నాయో లేవో తడిమి చూసుకుని, అల్హమ్దులిల్లాహ్ అనుకున్నాను.

అప్పుడు బస్సు కిటికీలోంచి ఒక గొంతు వినపడింది. "అన్నా, నా కర్రలు కింద డిక్కీలో ఉన్నాయి. ఎవరైనా తీసిస్తారా?"

పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడిన యువకుడతను. బస్సెక్కేటప్పుడు, నడిచే దారికి అడ్డమని చెప్పి క్లీనరు అతని చంక కర్రలను డిక్కీలో పడేయించాడు. అది నా కళ్ళ ముందే జరిగింది. నేను ఏమీ అనలేదు. వెనుక ఆగిన లారీలోంచి ఒక కుర్రవాడు పరుగెత్తుకొచ్చి, లోపలికి వెళ్ళి, అతన్ని వీపు మీద మోసుకొచ్చాడు. తీరా చూస్తే అది మంట కాదు, రేడియేటరు గొట్టం పగిలి వచ్చిన ఆవిరి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ యువకుడు నా టోపీ, గడ్డం చూసి, నన్నే అడిగాడు: "మౌలానా సాబ్, అందరూ దిగిపోయారా? లోపల ఇంకెవరూ లేరు కదా?"

అతను నన్ను నిందించినా బాగుండేది. రెండు వారాల ముందే మింబర్ మీద నిలబడి బలహీనుల హక్కుల గురించి మాట్లాడినవాణ్ణి నేను. ఆపద వచ్చినప్పుడు లోపల ఎవరున్నారని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. లోపల మిగిలిపోయిన మనిషికి వచ్చింది.

ప్రవక్త (స) ఎక్కడ నడిచేవారు?

ఆ రాత్రి తర్వాత నన్ను వెంటాడిన హదీసు ఒకటి ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా అబూదావూద్ గ్రంథంలో వచ్చింది. దైవప్రవక్త (స) ప్రయాణాలలో బృందానికి వెనుకగా ఉండేవారట. నడవలేక వెనుకబడిన బలహీనుణ్ణి ముందుకు నడిపించేవారు, తన వాహనం మీద వెనుక ఎక్కించుకునేవారు, వారి కోసం ప్రార్థించేవారు.

ఆయన నాయకులు. ముందు నడిచే హక్కు ఆయనకే ఉంది. అయినా వెనుక స్థానాన్ని ఎన్నుకున్నారు. ఎందుకంటే ముందున్నవారికి వెనుక మిగిలిపోయినవారు కనపడరు. ప్రయాణంలో సున్నత్ అంటే బయలుదేరేటప్పుడు దుఆ చదవడం మాత్రమే అని మనం సరిపెట్టుకున్నాము. ఎవరు మిగిలిపోయారో వెనుదిరిగి చూడటం కూడా సున్నతే.

ఒక మనిషి వాహనం ఎక్కడానికి సాయపడటం, అతని సామాను పైకి అందించడం సదఖా అని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. క్షేమంగా ఉన్న వేళ ఎక్కించడమే సదఖా అయితే, ప్రాణాపాయ వేళ దించడం ఎంతటి పుణ్యమో ఆలోచించండి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళినీ కాపాడినవానితో సమానమని దివ్యఖుర్ఆన్ 'మాయిదా' సూరా 32వ ఆయతు బోధిస్తోంది.

మన దారుల్లోనే జరిగినవి

ఇది ఊహించుకున్న భయం కాదు. 2012 జులై 30న నెల్లూరు వద్ద తమిళనాడు ఎక్స్‌ప్రెస్ బోగీ తగలబడి ముప్పై మందికి పైగా మరణించారు. 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బస్సు దగ్ధమై 45 మంది ఆహుతయ్యారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు సమీపాన చిన్న టేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళుతున్న బస్సు మంటల్లో చిక్కుకుని 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. మూడూ ప్రయాణికులు నిద్రలో ఉన్న వేళ జరిగినవే. ఏసీ బస్సుల్లో అద్దాలు తెరుచుకోవు. మంట కంటే ముందు పొగ వస్తుంది. ఊపిరాడక, దారి కనపడక మనిషి అక్కడే కూలిపోతాడు.

కాళ్ళూ కళ్ళూ బాగున్నవారే బయటపడలేకపోయినప్పుడు మిగతావారి సంగతేమిటి? చెవిటి సోదరునికి "దిగండి" అన్న కేక వినపడదు. అంధ సోదరికి అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో తెలియదు. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ అరుపులకు భయపడి సీటు కిందికి దూరిపోవచ్చు. నడవలేని మనిషికి బస్సు మెట్లే ఒక కొండ.

భారం తొలగిపోలేదు, చేతులు మారింది

'నూర్' సూరా 61వ ఆయతులో అల్లాహ్ అంధులపై, కుంటివారిపై, రోగులపై ఇబ్బంది లేదని ప్రకటించాడు. ఇది ఆయన కారుణ్యం. అయితే వారి మీద నుంచి తీసిన భారం గాలిలో కలిసిపోదు. అది శక్తి ఉన్నవారి భుజాల మీదకు వస్తుంది. పూర్వం ముస్లిం పాలకులు దీన్ని గ్రహించారు. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (క్రీ.శ. 705-715) అంధులకు దారిచూపేవారిని, నడవలేనివారికి సేవకులను నియమించాడని చరిత్రకారులు రాశారు.

మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం 2016 కూడా ఈ బాధ్యతను గుర్తించింది. ప్రమాదాలు, విపత్తుల వేళ వికలాంగులకు ఇతరులతో సమానంగా రక్షణ కల్పించాలని అందులోని 8వ సెక్షన్, రవాణా సౌకర్యాలు వారికి అందుబాటులో ఉండాలని 41వ సెక్షన్ చెబుతున్నాయి. జిల్లాలోని వికలాంగుల వివరాలు విపత్తు నిర్వహణ అధికారుల దగ్గర ఉండాలని కూడా ఆ చట్టం కోరుతోంది. మీ ఇంట్లో వికలాంగులుంటే వారి పేరు నమోదైందో లేదో విచారించండి. ఇది యాచన కాదు, హక్కు.

"రాసిపెట్టి ఉంటే జరుగుతుంది, మన చేతిలో ఏముంది?" అనేవారున్నారు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని ఒకాయన అడిగితే, కట్టివేసి నమ్ముకోమని దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తవక్కుల్ కాదు.

ఓడకు చిల్లు పెడుతున్నది ఎవరు?

బుఖారీలో ఓడ ఉపమానం మనందరం విన్నదే. కింది అంతస్తువారు నీళ్ళ కోసం తమ భాగంలో చిల్లు పెట్టుకోబోతారు. పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు, ఆపితే అందరూ బతుకుతారు. ఈనాడు అత్యవసర ద్వారానికి అడ్డంగా మూటలు పేర్చేవాడు, రైలులోకి గ్యాస్ పొయ్యి, కిరోసిన్, టపాకాయలు తెచ్చేవాడు ఆ చిల్లు పెట్టేవాడే. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. రైలులో ప్రమాదకర వస్తువులు తేవడం రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడగల నేరం. ఆ చిల్లులోంచి వచ్చే నీళ్ళలో ముందు మునిగేది లేవలేని మనిషే. చంక కర్రలు డిక్కీలో పడుతుంటే చూస్తూ ఊరుకున్న నేను కూడా ఆ పై అంతస్తువారిలో ఒకణ్ణి.

మనం చేయగలిగినవి

1. వికలాంగులు ప్రయాణించేటప్పుడు తలుపుకు దగ్గరి సీటు అడగండి. కర్రలు, కాలిపర్లు చేతికందేటట్లు పెట్టుకోండి. మీకు ఎలాంటి సాయం కావాలో కండక్టరుకు, పక్కన కూర్చున్నవారికి ముందే చెప్పండి. సిగ్గుపడకండి.

2. మాట్లాడలేనివారు, బుద్ధిమాంద్యం ఉన్నవారు తమ పేరు, ఇంటివారి ఫోన్ నంబరు, వాడే మందులు రాసిన కార్డు జేబులో ఉంచుకోవాలి.

3. ఎక్కగానే ప్రతి ఒక్కరూ అత్యవసర ద్వారం, సుత్తి, రైలులో ఎర్ర గుర్తు ఉన్న అత్యవసర కిటికీ ఎక్కడున్నాయో చూసి, చూపులేని తోటివారికి చెప్పండి: "మీ కుడివైపు, మూడు సీట్ల వెనుక."

4. ఆపద వచ్చినప్పుడు సామాను వదిలేయండి. చెవిటివారిని భుజం తట్టి సైగ చేయండి. అంధులను లాగవద్దు. మీ మోచేయి అందించండి, మెట్టు వస్తే చెప్పండి. నడవలేనివారిని ఎలా ఎత్తాలో వారినే అడగండి, ఇద్దరు కలిసి ఎత్తండి. చక్రాల కుర్చీని తర్వాత తెచ్చుకోవచ్చు.

5. మీరు తీసుకురాలేకపోతే కనీసం చెప్పండి. 112కు గానీ, రైలులో 139కు గానీ ఫోన్ చేసి, ఏ బోగీలో, ఏ సీటులో, ఎలాంటి మనిషి మిగిలి ఉన్నారో తెలియజేయండి. చీకట్లో, పొగలో వెతికేవారికి ఆ ఒక్క మాట ప్రాణం పోసినంత మేలు.

6. ఇజ్తిమాలకు, పెళ్ళిళ్ళకు, హజ్ హౌస్‌కు బస్సులు మాట్లాడేటప్పుడు మస్జిద్ కమిటీలు అత్యవసర ద్వారం తెరిచి చూడాలి. నడవలేని ప్రతి ఒక్కరికీ ఇద్దరు యువకులను పేరు పెట్టి అప్పగించాలి. "అందరూ చూసుకోండి" అంటే ఎవరూ చూసుకోరు.

జాలి కాదు, గౌరవం

చివరగా ఒక హెచ్చరిక. సాయం పేరుతో మనిషిని మూటలా ఎత్తి పడేయకండి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఆయన విషయంలోనే 'అబస' సూరా అవతరించింది. ఆయనే మదీనాలో అజాన్ ఇచ్చారు. ప్రవక్త (స) యుద్ధయాత్రలకు వెళ్ళినప్పుడు మదీనాలో ఆయనను తన ప్రతినిధిగా ఉంచి వెళ్ళారు. ఇస్లాం వికలాంగుణ్ణి మన దయ మీద బతికే వ్యక్తిగా చూడలేదు. బలహీనుల మూలంగానే మీకు సహాయం, ఉపాధి లభిస్తున్నాయని ప్రవక్త (స) బోధించారు (బుఖారీ). కాబట్టి మనమే వారికి రుణపడి ఉన్నాము.

సోదర సోదరీమణులారా! ఎవరి ప్రాణం వారికి తీపి. ప్రళయదినాన ఒకరి నుంచి ఒకరు పారిపోతారని 'అబస' సూరాయే చెబుతోంది. ఆ రోజు రాకముందే, ఇక్కడే పారిపోవడం అలవాటు చేసుకుంటే మన విశ్వాసం ఏపాటిది? ఆ రాత్రి తర్వాత నేను బస్సు దిగే ప్రతిసారీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తున్నాను. మీరూ చూడండి. మీ పిల్లలకూ నేర్పండి. దిగాక మొదట అడగవలసిన మాట ఒక్కటే: "అందరూ దిగిపోయారా?"

ఓ అల్లాహ్! మా ప్రయాణాలను క్షేమంగా జరిపించు. బలహీనులను వెనుక వదిలి వచ్చినవారిగా మమ్మల్ని నీ ముందు నిలబెట్టకు. నీ ప్రవక్త (స)లాగా వెనుక నడిచే మనసును మాకు ప్రసాదించు. ఆమీన్.