బొడ్డు దగ్గర నొప్పి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు జెట్టీకి కట్టే ఉంటాయి. అలా రాబడి ఆగిపోయిన ఒక ఇంట్లో ఏడేళ్ల పిల్ల రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటోందనుకుందాం. తల్లి దిష్టి తీస్తుంది, తాయెత్తు కట్టిస్తుంది, తగ్గకపోతే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కి తీసుకెళ్తుంది. ఎక్కడ నొప్పమ్మా అంటే పిల్ల బొడ్డు మీద అరచెయ్యి పెడుతుంది. స్కానింగ్‌లో ఏమీ కనపడదు. చీటీ మీద ‘నార్మల్’ అని రాసి పంపేస్తారు.

మరి ఆ నొప్పి దేనిది? ఒంటిదా, మనసుదా?

1958లో ఇంగ్లండ్‌లో ఆప్లే, నైష్ అనే వైద్యులు వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలిస్తే, దాదాపు పదిమందిలో ఒకరికి ఇలాంటి కడుపునొప్పే మళ్లీమళ్లీ వస్తోందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి శరీరంలో జబ్బేదీ దొరకలేదు. అంతమాత్రాన వాళ్లు నటిస్తున్నట్టు కాదు. నొప్పి అనుభవంలోనే ఉంటుంది. అనుభవిస్తున్న పిల్లను ‘నీకేమీ లేదు’ అనడం వైద్యం కాదు, అన్యాయం.

ఒంటినీ మనసునూ కలిపి చూడడం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహిత ఆయుర్వేదాన్ని ఎనిమిది అంగాలుగా విడదీసింది. పిల్లల వైద్యమైన కౌమారభృత్యం ఒకటి, గ్రహాలు పట్టినవారిని చూసే భూతవిద్య ఇంకొకటి. తీరా అందులోని ఉత్తరతంత్రం అనే భాగంలో చూస్తే పూతన, రేవతి వంటి తొమ్మిది బాలగ్రహాలూ పిల్లల వైద్యంలోనే చేరాయి. జ్వరం, విరేచనాలు, పాలు తాగకపోవడం, ఉలిక్కిపడి ఏడవడం అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. పూతన పట్టిందన్న కారణాన్ని ఇవాళ ఒప్పుకోనక్కర్లేదు. కానీ పిల్ల ఒంటినీ తీరునూ ఒకేచోట రాసుకున్న ఆ చూపు మాత్రం పోగొట్టుకోదగింది కాదు.

అదే చూపు ఈ తీరంలోనూ ఉంది. విశాఖ జాలరిపేటలో 1980లలో పరిశోధించిన అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకల్స్, జబ్బుకు కారణం చెప్పే దాసుళ్ల గురించి వివరంగా రాశాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే దాసుడు అది అమ్మవారి కోపమని చెప్తాడు. ఆ కోపం వెనక తరచూ అన్నదమ్ముల తగాదాయే బయటపడుతుంది. న్యుమోనియా వచ్చిన బిడ్డకు ఇది చాలదు, అక్కడ ఆలస్యం ప్రాణం తీస్తుంది. అయినా ఇంట్లో ఏం జరుగుతోందన్న ప్రశ్న రక్తపరీక్ష అడగదు, దాసుడు అడుగుతాడు.

ఒంట్లో ఏముంది, ఇంట్లో ఏం జరుగుతోంది అన్న ఈ రెండు ప్రశ్నలనూ అమెరికాలో 1986లో ఒకే వైద్యుడి చేత అడిగించే చదువు మొదలుపెట్టారు. ఐదేళ్లలో 24 నెలలు పిల్లల వైద్యం, 18 నెలలు సాధారణ మానసిక వైద్యం, ఇంకో 18 నెలలు పిల్లల మానసిక వైద్యం. ఉబ్బసంతో ఆయాసపడే పిల్లాడికి మందు ఇచ్చే చెయ్యే, వాడు బడికి ఎందుకు భయపడుతున్నాడో కనుక్కుంటుంది. మన దగ్గర పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, మానసిక వైద్యంలో ఎండీ మరో మూడేళ్లు. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్యానికి డీఎం అనే పైకోర్సు ఉంది గానీ, దాని దారి మానసిక వైద్యం వైపు నుంచే.

విశాఖలో కేజీహెచ్ ఒకచోట, మానసిక వైద్యశాల చినవాల్తేరులో. రెండూ ఆంధ్రా మెడికల్ కాలేజీవే. కొత్త కోర్సు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నిషేధం రోజుల్లో తండ్రులు ఒడ్డునే ఉంటారు, బడికీ చాలా రోజులు సెలవులే. రెండు విభాగాల పీజీ విద్యార్థులు వారానికి ఒక పూట హార్బర్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో పిల్లకూ ఒకే చీటీ రాస్తే చాలు, పని మొదలైనట్టే.