భండారి ధర్మము

బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని భండారియై యుండెను. భక్తలోకము ఈ మాటను స్తుతిగా చెప్పుకొనును గాని, ఆ పదవిలోని ఇరకాటమును తలపోయువారు తక్కువ. పైన రాజు, క్రింద ప్రజ. ధనము తనది కాదు, లెక్క మాత్రము తనది. నేటి ధనసంస్థలలో శాఖాధికారి నిలిచియున్నదియు ఆ చోటనే.

2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగము సూక్ష్మఋణ సంస్థల శాఖలను సుమారు 50 మూయించెను. అధిక వడ్డీ, నిర్బంధ వసూళ్లు ప్రధానాభియోగములు. ఆ వసూళ్లకు పోయినవారు పుట్టు క్రూరులా? పెక్కుమంది పల్లెలలో పెరిగి, తొలి ఉద్యోగమున చేరిన యువకులే. వారిచే ఆ పని చేయించినది కార్యాలయపు ఏర్పాటు. వాయిదా వారము వారమునకు. డెల్టాలో కౌలు రైతు చేతికి డబ్బు వచ్చునది కోత తరువాత. ఈ రెంటికిని పొంతన లేదు. జట్టులో ఒక స్త్రీ కట్టకున్న మిగిలినవారు కట్టవలెను. సాయంత్రము శాఖాధికారి పైకి చెప్పవలసినది ఒక్క అంకె. “ఆమెను అవమానింపుడు” అని ఏ ఉత్తరువులోను ఉండదు. “బాకీ మిగులరాదు” అని యుండును. ఆ మాట మెట్టు మెట్టున దిగి పేదరాలి గుమ్మము చేరునప్పటికి తిట్టుగా మారును. పైవాడు తాను తిట్టలేదనును. క్రిందివాడు చెప్పినట్లే చేసితిననును. నడుమనున్నవానికి ఈ రెండు సమాధానములును అందుబాటులో నున్నవి!

2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి నిర్బంధ వసూలును శిక్షార్హము చేసెను. అది అవసరమే. కాని తరువాత కట్టగలవారును పలువురు కట్టుట మానిరి. చెడ్డ ఏర్పాటు ఇచ్చినవాని నీతితో పాటు పుచ్చుకొన్నవాని నీతిని గూడ చెరచినది.

శాఖాధికారికిని సంసారము కలదు. ఎదురాడిన ఉద్యోగము పోవచ్చును. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసిపుచ్చరాదు. అయితే జీతమిచ్చు పనియెల్ల కాయకమేయని సరిపెట్టుకొనువారు ఆయ్దక్కి మారయ్య కథను తలంపవలెను. నేల రాలిన బియ్యమేరుట అతని కాయకము. ఒకనాడు అతడు మితిమీరి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ ఆ అదనమును తిరిగి పోసి రమ్మనెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. పనిచోట ఎవరును ఆక్షేపింపలేదు. ఆ చోటికి వెలుపల నుండుటచేతనే లక్కమ్మకు అది కనబడినది. విజయవాడలో శాఖాధికారి రాత్రి ఇల్లు చేరి, నేటి వసూలు పూర్తియైనదని చెప్పినప్పుడు, ఎట్లు పూర్తియైనదని అడుగువారు ఆ యింట నున్నారా?