బ్రేకుల్లేని బండి

మన బర్గూరు మీదుగా హోసూరు బైకులు రోజూ దూసుకుపోతుంటాయి కదా. బ్రేకే లేని బైకును ఒక్కసారి ఊహించుకోండి. ఒకటే గేరు, మలుపు ఎప్పుడూ ఎడమకే. ఎడమ బూటుకు ఇనుప తొడుగు వేసుకుని, ఆ కాలు నేలకు రాస్తూ, వెనక చక్రాన్ని జారనిస్తూ తిరగాలి. అదే స్పీడ్‌వే. 1928లో బ్రిటన్‌ను ఊపేసిన ఆ పందెంలో ఐర్లాండ్ అమ్మాయి ఫే టేలర్ మగవాళ్ళనే ఓడించింది. 1930లో అక్కడి ట్రాకుల మీద ఆడవాళ్ళను నిషేధించారు. ఎంత అన్యాయం! ఆమె కార్ల పందేలకు మళ్ళింది.

అలా వెనక్కి తగ్గని అమ్మాయి మన దగ్గరా ఉంది. 2018లో మన పొరుగున ఉన్న బెంగళూరు అమ్మాయి, టీవీఎస్ జట్టు రైడర్ ఐశ్వర్య పిస్సే స్పెయిన్ పోటీలో పడి తీవ్రంగా గాయపడింది. కోలుకుని మళ్ళీ హెల్మెట్ పెట్టుకుంది. 2019లో రోడ్డు లేని కఠిన దారుల్లో జరిగే బాహా ప్రపంచ కప్ మహిళల విభాగంలో గెలిచింది.