లవకుశ మూడో డిస్కు

అపరిగ్రహం అనగానే మన ప్రవచనాల్లో బంగారమూ భూములే వస్తాయి. సినిమా డిస్కుల ప్రస్తావన ఎవరూ తేరు. ఎలమంచిలిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో బీరువా చూశాక తేవాలనిపించింది. మాయాబజార్, లవకుశ, అన్నమయ్య, రామానంద్ సాగర్ రామాయణం పూర్తి సెట్టు, పక్కన ప్రవచనాల ఎంపీత్రీలు. చాలావరకు 2007 తర్వాత కొన్నవి. మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకూ, డీవీడీ 34 రూపాయలకూ ఇచ్చిన రోజులవి. ఆ కంపెనీ 2018లో దివాలా తీసింది. డిస్కులు ఇంకా ఆడుతున్నాయి.

"అన్నీ ఫోన్లో దొరుకుతుంటే ఇవెందుకు మాస్టారూ?" అని వచ్చినవాళ్లంతా అడుగుతారు. ఫోన్లో ఉన్నది మనది కాదు. హక్కుల గడువు తీరితే నిన్నటి సినిమా ఇవాళ కనపడదు. అయితే "ఇది నాది" అనుకోవడంలోనే కదా చిక్కంతా!

పతంజలి చెప్పిన ఐదు యమాల్లో అపరిగ్రహం చివరిది. భాగవతం పంచమ స్కంధంలో భరతుడి కథ దీనికి గట్టి సాక్ష్యం. రాజ్యాన్ని అవలీలగా వదిలేసినవాడు ఒక లేడిపిల్లను వదల్లేక మరుజన్మలో లేడై పుట్టాడు. కాబట్టి 28 రూపాయల వస్తువేగా అని తేలిగ్గా తీసుకోకూడదు. మమకారం ధర చూసి అంటుకోదు.

అలాగని దాచుకోవడాన్నంతా లోభమనేస్తే నేనొప్పుకోను. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దాని ప్రింటు ఇప్పుడు దొరకదు. నవవిధ భక్తుల్లో శ్రవణాన్ని మొదట చెప్పినవాడు ప్రహ్లాదుడే. ఆయన మన భాషలో తెరమీద మొదటిసారి పలికిన మాటలే మనకు వినే యోగం లేదు. అన్నమయ్య సంకీర్తనలకు ఆ గతి పట్టలేదంటే కారణం, కొడుకు పెదతిరుమలాచార్యుడు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరచడం. కాకపోతే ఆ రేకులు అక్కడ ఎవరికీ పట్టకుండా శతాబ్దాలు ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని పరిష్కరించి ప్రకటించాకే అవి మళ్లీ గొంతులకెక్కాయి. దాచినవారికి ఒక నమస్కారం పెడితే, తలుపు తీసినవారికి రెండు పెట్టాలి.

రేపర్ కూడా విప్పని డిస్కుల వరస చూస్తే నాకు బెంగ అందుకే. అది సంపాదనే తప్ప శ్రవణం కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. యమాల్లో అపరిగ్రహం కన్నా ముందొచ్చేది అస్తేయం, అంటే దొంగిలించకపోవడం. భక్తి సినిమాను దొంగ ప్రింటులో కొని, చూసేముందు దీపం పెట్టిన ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం లేవు!

మాస్టారి బీరువాలో రేపర్ ఉన్న డిస్కు ఒక్కటీ లేదు. సముద్రం దగ్గర ఊరు కాబట్టి తేమకి బూజు చుక్కలు వస్తాయి. మెత్తటి గుడ్డతో మధ్య రంధ్రం నుంచి అంచుకు నిలువుగా తుడుస్తారు. గుండ్రంగా తుడిస్తే గీత సమాచారం ఉన్న వరస వెంబడే పడి బొమ్మ ఆగిపోతుందట. కార్తీకంలో సాయంత్రాలు వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టి ఏదో ఒకటి వేస్తారు. అడిగినవాళ్లకు ఇస్తారు, నోటుబుక్కులో పేరు రాసుకుంటారు. తిరిగి రానివి చాలానే ఉన్నా వెంటపడరు, ఒక్కదానికి తప్ప. లవకుశ మూడున్నర గంటల సినిమా కావడంతో వీసీడీలో మూడు డిస్కులు పట్టింది. మూడోది ఎవరో పట్టుకెళ్లి తేలేదు. భరతుడి లేడిపిల్ల సంగతి నేను కదిపితే మాస్టారు శ్రద్ధగా విని, "నిజమేనండీ, ఆ మూడోది ఇచ్చేస్తే అప్పుడు వదిలేస్తాను" అన్నారు.