తెలిసి దిగిన యేఱు

అమెరికాలో నుద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యు డొకడు తన తల్లికి ఛాయాచిత్ర మొకటి పంపెను. నురుగులో సగము మునిగిన రబ్బరు తెప్ప, దానిపై శిరస్త్రాణములు ధరించిన యెనమండుగురు, వారిలో వీడొకడు. ఆమె యా చిత్రమును నాకు జూపి, “మాస్టారూ! మీరు వానికి జదువు చెప్పిన దిందులకేనా?” అని యడిగినది.

వాడు దిగిన యేఱు వెస్ట్ వర్జీనియాలోని గాలీ నది. 1966లో ముగిసిన సమ్మర్స్‌విల్ ఆనకట్ట దానిని నిలిపియున్నది. రాబోవు వరదలకు జోటు గల్పించుటకై యేటేట శరత్కాలమున నా జలాశయమును దించుదురు. ముందుగా బ్రకటించిన దినములలో నీరు సాధారణముగా సెకనుకు 2,400 మొదలు 2,800 ఘనపుటడుగుల చొప్పున వెలువడును. 1986లో నా దేశపు శాసనసభ యీ తెప్పల క్రీడను గూడ నానకట్ట ప్రయోజనములలో జేర్చినది. ఆ నదిలో నూఱుకు మించిన వడు లున్నవి. వానిలో ‘ఇన్‌సిగ్నిఫికెంట్’, అనగా లెక్కింపదగనిది, అను పేరుగల వడియే మిక్కిలి కఠినమైనవానిలో నొకటి!

“మనుష్యుడు విడిచిన నీటిలో జూపు ధైర్యము నాటకము గాదా?” యని కొంద ఱందురు. తలుపు మనుష్యుని చేతిలోనిదే. కాని తలుపు దాటిన నీరు ఎవ్వరి చేతిలోనిదియు గాదు. అడుగు తొలిచిన బండల క్రింద జిక్కినవానిని నది సులభముగా విడువదు. అచ్చట బ్రాణములు గోల్పోయినవారును గలరు. కావుననే నీట దేల్చు చొక్కా తొడిగి, మార్గదర్శకుని మాటకు లోబడి, అందఱు నొక్కమాఱుగా దెడ్లు వేయవలెను.

అట్లయిన బ్రాణమును బణముగా నొడ్డుట తగునా? నా బుద్ధికి దోచినది చెప్పెదను. అపాయ మెఱిగి, సిద్ధపడి, తన యిచ్ఛచే దిగినవాడు సాహసి. ఎఱుగని వానిని అపాయమున ద్రోయువాడు అపరాధి. ఈ భేదమును మనము కన్నీటితో నేర్చుకొంటిమి. 2014 జూన్ 8వ తేదీని హైదరాబాదునుండి విహారయాత్రకు బోయిన యింజనీరింగు విద్యార్థులు హిమాచల ప్రదేశములో బియాస్ నదిలోనికి దిగియుండగా, ఎగువ ఆనకట్టనుండి వెలువడిన నీరు వారిలో 24 మందిని గొనిపోయినది. గాలీయందును ఆనకట్టనుండియే నీరు విడుతురు. అచ్చట దినమును పరిమాణమును లోకమునకు ముందే తెలుపుదురు. ఇచ్చట నా బిడ్డలకు దెలియలేదు.

ఇంతయు విని యా తల్లి, “మఱి వాడు నాకు ముందుగా జెప్పలేదేమి?” అనినది. నాకు నోట మాట రాలేదు. వాడు నదిని గూర్చి యెల్ల దెలిసికొనెను. తనతోబాటు పణముగా నొడ్డబడిన తల్లి మనస్సునకు మాత్రము దెలుపడాయెను. భయపడుదురని తల్లులకును భార్యలకును సత్యమును దాచుట మన యిండ్లలో దయగా జెల్లుచున్నది. నాకది ప్రకటనలేక యానకట్ట తలుపు తీయుటవలెనే తోచుచున్నది.

ముందుగా జెప్పియుండిన నామె వలదనియే యుండును. వాడు వినకయు బోయియుండవచ్చును. అయినను జెప్పవలసినదే. నే నా రాత్రియే వాని కట్లు వ్రాసితిని.