దాత, గ్రహీత, రుజువు: చిన్న సహాయ నిధుల నైతికతపై ఒక పరిశీలన

భారతీయ ధర్మచింతన దానాన్ని వివరించేటప్పుడు ఇచ్చేవాడిని, ఇచ్చే వస్తువును, పుచ్చుకొనేవాడిని వేర్వేరుగా పరిశీలించింది. వీటిలో పుచ్చుకొనేవాడి 'పాత్రత' మీద జరిగినంత చర్చ మిగిలిన రెండింటి మీద జరగలేదు. అయితే పాత్రతను నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు సంప్రదాయం సూటిగా సమాధానం చెప్పదు. ఆపదలో ఉన్న పేదకుటుంబాలకు స్వల్ప మొత్తాలను అందించే స్థానిక సహాయ నిధుల విషయంలో ఈ ప్రశ్న నిత్యవ్యవహారంగా ముందుకు వస్తుంది. సహాయం కోరిన మనిషిని తన లేమికి రుజువు చూపమనడం న్యాయమా, అవమానమా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన విచారణ.

తీరం, జాబితా, జాబితా బయటివారు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు సముద్రం మీద ఆధారపడిన ఊరు. చేపల సంతానోత్పత్తి కోసం తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేట నిషిద్ధం. ఈ కాలానికి రాష్ట్రప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో కుటుంబానికి 10,000 రూపాయలైంది. 2025లో అది 20,000 రూపాయలకు పెరిగింది. ఇది దయ కాదు, హక్కు. ఆ కారణంగానే దీనికి జాబితా అవసరం. పడవ, దాని మీద పనిచేసే మనుషులు, వారి పత్రాలు ఆ జాబితాకు ఆధారాలు.

ఏ జాబితాకైనా ఒక అంచు ఉంటుంది. చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మే స్త్రీకి వేట ఆగినప్పుడు బేరమూ ఆగుతుంది. కాని ఆమె పడవ మనిషి కాదు. ఎండుచేపల మీద బతికే వృద్ధురాలు, పొరుగు రాష్ట్రానికి వలసపోయిన కొడుకు నుంచి డబ్బు రాని తల్లి, అకాల వర్షానికి పని పోయిన నౌపడ ఉప్పుమడుల కూలీ కూడా ఇటువంటివారే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ జిల్లా తీరాన్ని తాకినప్పుడు నష్టం లెక్కలకెక్కినవారితో పాటు లెక్కకు అందనివారూ మిగిలారు. యువజన సంఘాలు, కుల సంఘాలు, ఆలయ కమిటీలు, దూరప్రాంతాల్లో స్థిరపడిన ఊరివారు పోగుచేసే చిన్న నిధులకు పని దొరికేది ఈ అంచు దగ్గరనే.

రుజువు కోరడంలోని న్యాయం

రుజువు అడగడమే తప్పనడం తేలిక. కాని నిధి చిన్నదైనకొద్దీ ఆ మాట నిలబడదు. పదిమందికి సరిపడే డబ్బు కోసం ముప్పైమంది వచ్చినప్పుడు ఒకరికి ఇవ్వడమంటే మరొకరికి లేదనడమే. విచారణ లేకుండా ఇస్తే గొంతున్నవారికి, బంధుబలం ఉన్నవారికి ముందుగా అందుతుంది. మౌనంగా ఉన్నవారు వెనకబడతారు. అంటే అడిగే ధైర్యం లేనివారిని కాపాడడానికే విచారణ అవసరమవుతుంది. తగిన దేశకాలాలలో, తగిన పాత్రకు, ప్రత్యుపకారం ఆశించక ఇచ్చిన దానాన్ని భగవద్గీత పదిహేడవ అధ్యాయం సాత్వికమని నిర్ణయించడంలోనూ ఈ వివేకమే ఉంది.

స్థానిక నిధికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉన్నట్లు కనిపిస్తుంది. ఎవరి పొయ్యి వెలగలేదో పొరుగువారికి కాగితం లేకుండానే తెలుసు. అయితే ఆ ఎరుకలోనే ప్రమాదమూ ఉంది. పొరుగువారికి ఆకలి ఒక్కటే తెలిసి ఊరుకోదు. పాత తగాదా, తాగుడు, కూతురి పెళ్లి, ఓటు అన్నీ తెలుసు. లేమి మీద మొదలైన విచారణ నడత మీద తీర్పుగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ జిల్లావాడైన కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ ఈ పరిణామాన్ని మరొక సందర్భంలో చూపింది. అందులోని శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మేలు చేసినవాడు, ధర్మపరుడని పేరున్నవాడు. అప్పు తగవులో ఆయన మాటకు బరువు వచ్చింది ఆ మంచితనం వల్లనే. వ్యవహారం న్యాయబద్ధంగానే నడిచినట్లు కనిపిస్తుంది. దాని భారం మాత్రం ఒక పేదకుటుంబంలోని రాబోయే తరం మీద పడి ఘోరంగా ముగుస్తుంది. ఆ కథ అప్పును గురించినది, దానాన్ని గురించినది కాదు. అయినా ఉపకారి న్యాయమూర్తి కూడా అయినప్పుడు ఎదిరించడానికి పేదవాడికి చోటు మిగలదన్న సత్యం రెండింటికీ వర్తిస్తుంది.

సిగ్గు ఎవరిది?

పోతన భాగవతంలోని బలిచక్రవర్తి, లక్ష్మీపతి చెయ్యి కిందుగా, తన చెయ్యి పైగా ఉండడాన్ని మహాభాగ్యంగా తలుస్తాడు. అక్కడ యాచకుడు విష్ణువు కనుక కింది చేతికి లోటు లేదు. మనుషుల మధ్య పరిస్థితి వేరు. తిరిగి ఇవ్వలేని కానుక పుచ్చుకొన్నవాడిని తక్కువ చేస్తుందని మార్సెల్ మాస్ 1925లో వెలువరించిన అధ్యయనంలో వివరించాడు. పన్నెండవ శతాబ్దపు యూదు ధర్మవేత్త మైమోనిడిస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించి, ఇచ్చినవారెవరో పుచ్చుకొన్నవారెవరో పరస్పరం తెలియని దానాన్ని పైనుంచి రెండవ మెట్టు మీద, మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టే సహాయాన్ని మొదటి మెట్టు మీద ఉంచాడు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి మరింత లోతుకు వెళ్లింది. ఎలా ఇవ్వాలో చెబుతూ అది శ్రద్ధతో పాటు 'హ్రీ'ని, అనగా సిగ్గును కూడా పేర్కొంది. ఆ సిగ్గు ఇచ్చేవాడిది. తన వద్ద ఉండి ఎదుటివాడి వద్ద లేకపోవడం, ఇచ్చినది అవసరానికి చాలకపోవడం దాతను కుంచించుకొనేలా చేయాలని దీని నుంచి గ్రహించవచ్చు. లోకాచారంలో మాత్రం ఈ సిగ్గు చేతులు మారింది. బియ్యం బస్తా పక్కన తలవంచి నిలబడిన స్త్రీ, వెనుక దాతల ముఖాలున్న ఫ్లెక్సీ, ముందు కెమెరా: ఈ చిత్రంలో సిగ్గుపడుతున్నది ఆమె ఒక్కతే.

దాత పేరు ప్రకటించడం కొత్త ఆచారం కాదన్న వాదన ఉంది. శ్రీకూర్మం ఆలయశాసనాలలో అఖండదీపాలు పెట్టించినవారి పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. కాని ఆ దానం దేవుడికి. దాత పేరు చెక్కడం వల్ల దేవుడు చిన్నబోడు. నిరుపేదకు చేసిన సహాయంలో దాత పేరు వెలిగినంత మేర గ్రహీత లేమి కూడా వెలుగులోకి వస్తుంది. ఈ భేదాన్ని విస్మరించడమే నేటి దానప్రదర్శనలోని నైతికదోషం.

లెక్క, ముఖం

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. దూరాన ఉండి డబ్బు పంపినవారికి అది చేరినట్లు తెలియాలి కదా? ఛాయాచిత్రమే వారికి రశీదు. ఆక్షేపణ న్యాయమైనదే. అయితే నిధి జవాబు చెప్పవలసినది డబ్బుకే, మనిషి ముఖానికి కాదు. ఎంత వచ్చింది, ఎన్ని కుటుంబాలకు, ఏ కారణంగా, ఎంత వెళ్లిందన్న లెక్కను ఊరందరికీ చూపవచ్చు. పేర్లు మాత్రం విచారించిన ఇద్దరు ముగ్గురి వద్ద ఉంటే చాలు.

విచారణకూ ఒక హద్దు గీయవచ్చు. రుజువు సంఘటనకు కావాలి, శీలానికి కాదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ చెరలో పడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ పద్నాలుగు నెలల్లో వారి ఇళ్ల అవసరం స్వయంసిద్ధం. వారి భార్యలు పొదుపరులా కాదా అన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు. పడవ పగిలిందా, జబ్బు చేసిందా, సంపాదించే మనిషి లేడా అని అడగడం విచారణ. నువ్వు మంచిదానివేనా అని అడగడం అధికారం.

ముగింపు

ఈ ఊళ్లలో వేట ఫలాన్ని పంచుకొనే పద్ధతి ఒక దారి చూపుతుంది. పడవకు, వలకు, చేతులకు వేర్వేరు వాటాలు ఉంటాయి. వాటా పుచ్చుకొన్నవాడు తలవంచడు. వేట బాగా పడిన రోజుల్లో అందరూ కొంత వేసిన నిధి నుంచి ఆపదలో తీసుకొన్నది దానం కంటే వాటాకు దగ్గరగా ఉంటుంది. నిన్నటి దాత నేటి గ్రహీత అయినప్పుడు పైచెయ్యి, కిందిచెయ్యి అన్న భేదం సడలుతుంది.

అయినా వాటా అన్న భావనతో సమస్య మొత్తం తీరదు. ఎన్నడూ నిధికి ఏమీ వేయలేనివారు, ఇకముందు వేయగలిగే ఆశ లేనివారు ప్రతి ఊరిలో ఉంటారు. వారి దగ్గరకు వచ్చేసరికి పరస్పరత ముగిసి, దానం మొదలవుతుంది. ఆ చోట ఇచ్చేవారికి మిగిలే ధర్మం శిక్షావల్లి చెప్పిన హ్రీ. గంప దించుకొన్న వృద్ధురాలి చేతిలో డబ్బు పెట్టేటప్పుడు తల ఎవరిది వంగుతున్నదో చూసి ఆ నిధి విలువను నిర్ణయించవచ్చు.