అచ్చుకు ముందు

"సార్, జర యాక్సెప్టెన్స్ లెటర్ ఇస్తరా? నెలాఖరుకు ఇంటర్వ్యూ ఉంది." సిద్దిపేటలో కూర్చుని పరిశోధన పత్రిక నడిపేవాడికి వచ్చే ఫోన్లు ఎక్కువగా ఇట్లాగే ఉంటాయి. వ్యాసంలో కొత్తగా ఏం చెప్పావని అడిగితే అటునుంచి కాసేపు మాట రాదు.

వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. 2010 నిబంధనలతో యూజీసీ అధ్యాపక నియామకాల్లో వ్యాసాలకు పాయింట్లు కట్టింది. పాయింట్ల కోసం పత్రికలు పుట్టుకొచ్చాయి. 2018లో యూజీసీయే తన జాబితాలోంచి 4,305 పత్రికలను తీసేసింది. తర్వాత తెచ్చిన 'కేర్' పత్రికల జాబితాను 2025లో ఎత్తేసింది. మంచిదే. ఏది పరిశోధనో తేల్చాల్సింది జాబితా కాదు, చదివేవాడు.

ఆమధ్య మా సిద్దిపేట గొల్లభామ చీర మీద ఒక వ్యాసం వచ్చింది. 2012లో భౌగోళిక గుర్తింపు దక్కిన సంగతి నాలుగుచోట్ల ఉంది. పడుగు, పేక అన్న మాటలు వెతికినా లేవు. తలమీద కుండతో నడిచే గొల్లభామ బొమ్మను చీర మీద 'ముద్రిస్తారు' అని రాశాడు! అది మగ్గం మీద నేతలోనే పడుతుంది. నేతగాడి పక్కన పావుగంట కూర్చున్నా ఆ వాక్యం రాసేవాడు కాదు. పేరు తీసేసి సమీక్షకు పంపాను. మన తెలుగు శాఖల లోకం ఎంతని? రెండు పేరాలు చదివితే ఎవరి శిష్యుడో తెలిసిపోతుంది. "ప్రచురించవచ్చు" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది.

వేసేస్తే ఏం పోయింది, ఎవరు చదువుతారు గనక? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. కానీ పదేళ్ల తర్వాత ఇంకో విద్యార్థి ఆ 'ముద్రిస్తారు'ను ఆధారంగా చూపిస్తాడు. అప్పటికి మగ్గం మీదున్న మనిషి మాట కంటే మా పత్రిక పేజీ నంబరే గట్టి సాక్ష్యం అవుతుంది. నాకు భయం అక్కడే.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి వాదనతో సరిపెట్టలేదు. 354 మంది కవుల రచనలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. సంపాదకుడంటే నా లెక్కలో ఆయనే. తీర్పు తర్వాత, ముందు ఆధారం.

అందుకే ఆ చీర వ్యాసాన్ని తిప్పి పంపాను. రాసినవాడికి కోపం వచ్చిందని విన్నాను, రానీ.

పరిశోధన చేస్తున్న పిల్లలూ, వ్యాసాలు పంపండి. భాష నేను దిద్దుకుంటాను. ఏ ఊరికి పోయారో, ఎవరిని అడిగారో, ఎప్పుడు అడిగారో మాత్రం రాయండి. లెటర్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.